కట్టిన చేతికి కూలి – కట్టించినవారికి నోటీసు

గుంటూరు జిల్లాకు చెందిన ఒక పెద్దాయన ఈమధ్య అసర్ నమాజ్ తర్వాత మమ్మల్ని ఆపి ఒక మస్అలా అడిగారు. ఆయన కుమారుడు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడే సొంత ఇల్లు కట్టించుకుంటున్నాడు. పని మొదలైన నెల రోజులకు అతనికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక కాగితం వచ్చింది. పైకప్పు పెంకులు అమ్మే ఒక దుకాణంవారు పంపిన కాగితమది. ‘మీ ఇంటికి సరుకు ఇస్తున్నాము, మా బాకీ మాకు అందకపోతే మీ ఇంటిపై మాకు హక్కు ఏర్పడవచ్చు’ అన్నది దాని సారాంశం.

"మౌల్వీ సాబ్! మావాడు బేరం కుదుర్చుకున్నది కాంట్రాక్టరుతో. డబ్బు ఇస్తున్నదీ కాంట్రాక్టరుకే. ముఖం కూడా తెలియనివాడు ఇంటి మీదికి వస్తానంటే ఇదేం న్యాయం? ఆ కాగితం చించి పారేయమని చెప్పాను. తప్పా?" అని అడిగారాయన.

"ముందు చించవద్దని ఫోను చేసి చెప్పండి. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాము.

ఆ మాట అంటున్నప్పుడు మాకు మా మసీదు గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక టైల్స్ మేస్త్రీ గుర్తుకు వచ్చాడు. అతని సంగతి చివర్లో చెబుతాము. ఫ్లోరిడాలోని పెంకుల దుకాణానికీ, మా ఊరి మేస్త్రీకీ ఉన్న ప్రశ్న ఒక్కటే. పని ఒకరి కోసం జరిగింది, పిలిచి చేయించింది మరొకరు, డబ్బు మధ్యలో ఆగిపోయింది. అప్పుడు చేసినవాడు ఎవరిని అడగాలి? కట్టించుకున్నవాని బాధ్యత ఎక్కడ ముగుస్తుంది?

కూలి ఎప్పుడు హక్కు అవుతుంది?

సోదరులారా! కూలివాని చెమట ఆరక ముందే అతని కూలి ఇవ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఇబ్నె మాజాలోని హదీసు అది. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసిన వ్యక్తికి ప్రళయదినాన అల్లాహ్‌యే స్వయంగా ప్రత్యర్థిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు హెచ్చరిస్తోంది. ఇవ్వగల స్తోమత ఉండి కూడా వాయిదాలు వేయడం దౌర్జన్యమని మరో హదీసు. వీటిని మనం జుమా ప్రసంగాల్లో తరచుగా వింటాము. అయితే మన ఫిఖ్హ్ ధర్మవేత్తలు అంతటితో ఆగలేదు. కూలి సరిగ్గా ఏ క్షణంలో బాకీగా మారుతుందన్న విషయం మీద కూడా వారు లోతుగా ఆలోచించారు.

హిదాయా గ్రంథంలో ఇటుకల మస్అలా ఒకటుంది. ఒకడు తన స్థలంలో ఇటుకలు కోయడానికి మనిషిని పెట్టుకున్నాడు. అతనికి కూలి హక్కు ఎప్పుడు ఏర్పడుతుంది? అచ్చు వేసిన ఇటుకలు కాస్త ఆరి, వాటిని లేపి నిలబెట్టగానే అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. కాదు, వాటిని వరసగా పేర్చి కట్టిన తర్వాతనే అని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఇమామ్ ముహమ్మద్ (రహ్మ)ల అభిప్రాయం. నిలబెట్టిన ఇటుకలకూ పేర్చిన ఇటుకలకూ మధ్య ఉన్న వ్యవధి ఎంత? ఆ మధ్యలో వాన వచ్చి ఇటుకలు కరిగిపోతే నష్టం ఎవరిది? ఆ కొద్దిపాటి వ్యవధిలో కూలివాని హక్కు ఏమవుతుందని మన ఇమాములు చర్చించారు. కూలి విషయం ఎంత సున్నితమైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

చేతిలోని వస్తువును ఆపుకునే హక్కు

అదే అధ్యాయంలో మన ప్రశ్నకు మరింత దగ్గరి మస్అలా ఉంది. అద్దకంవానికి బట్ట ఇచ్చాము. అతను రంగు వేశాడు. కూలి ఇవ్వకుండా బట్ట ఇమ్మంటే, ఇవ్వనని ఆపుకునే హక్కు అతనికి ఉందా? ఉంది అంటారు హనఫీ ధర్మవేత్తలు. ఎందుకంటే అతని పని ఆ బట్టలో రంగుగా నిలిచి ఉంది. ఎవరి పని ఫలితం వస్తువులో కనబడుతుందో వారు కూలి అందేవరకు ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. బరువు మోసే హమాలీకి, పడవ నడిపేవానికి ఈ హక్కు లేదు. వారి శ్రమ విలువైనదే గానీ అది మూటలో మిగలదు. వారికి కూలి అడిగే హక్కు పూర్తిగా ఉంటుంది, సరుకు ఆపే హక్కు మాత్రం ఉండదు. ఇమామ్ జుఫర్ (రహ్మ) అయితే అద్దకంవానికి కూడా ఆపుకునే హక్కు లేదన్నారు. కానీ మజ్హబ్‌లో ఆచరణ మొదటి మాట మీదనే ఉంది.

దీనికి ఒక షరతు ఉంది. కూలి తర్వాత ఇస్తానని గడువు ముందే ఒప్పుకుని ఉంటే వస్తువును ఆపుకోరాదు. గడువు ఇచ్చినవాడు ఆ గడువును గౌరవించాలి.

మన దేశంలోని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను కూడా దాదాపు ఇదే చెబుతోంది. తన శ్రమను, నైపుణ్యాన్ని వినియోగించి వస్తువుకు మెరుగు తెచ్చినవాడు ప్రతిఫలం అందేవరకు దానిని తన వద్ద ఉంచుకోవచ్చు. ఆ సెక్షనులోని ఉదాహరణలు కూడా గమనించదగినవి. వజ్రాన్ని సానపట్టిన కంసాలి దానిని ఆపుకోవచ్చు. కానీ కోటు కుట్టగానే ఇచ్చేస్తానని, డబ్బుకు మూడు నెలల గడువు ఇస్తానని ఒప్పుకున్న దర్జీ ఆపుకోరాదు. ఈ హక్కునే చట్టంలో ‘లీన్’ అంటారు. బాకీ తీరేవరకు ఎదుటివాని ఆస్తిపై నిలిచే హక్కు అని దాని అర్థం.

గోడను ఎవరు ఆపుకోగలరు?

ఇప్పుడు ఇంటి విషయానికి వద్దాం. తాపీ మేస్త్రీ పని గోడలో కనబడుతుంది. రంగు బట్టలో ఉన్నంత స్పష్టంగా అతని శ్రమ ఆ ఇంట్లో నిలిచి ఉంది. కానీ అద్దకంవాని చేతిలో బట్ట ఉన్నట్టు మేస్త్రీ చేతిలో గోడ లేదు. అతను పేర్చిన ప్రతి ఇటుక పేర్చిన మరుక్షణమే యజమాని స్థలంలో భాగమైపోయింది. సాయంత్రం అతను తాపీ కడుక్కుని వెళ్లిపోతాడు, గోడ యజమాని దగ్గరే ఉంటుంది. సిమెంటు ఇచ్చిన దుకాణదారు పరిస్థితీ అంతే. కలిపేసిన సిమెంటును తిరిగి బస్తాలోకి ఎవరూ ఎత్తలేరు.

అందుకే అమెరికాలో వేరే పద్ధతి తెచ్చారు. 1791లో మేరీలాండ్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అప్పుడే వాషింగ్టన్ అనే కొత్త రాజధాని నగర నిర్మాణం మొదలవుతోంది. కట్టేవారికి, సరుకు అప్పుగా ఇచ్చేవారికి ధైర్యం కలగాలంటే వారి బాకీకి కట్టిన భవనమే పూచీగా ఉండాలని ఆ చట్టం నిర్ణయించింది. అదే సంవత్సరం మన హిదాయా గ్రంథం చార్లెస్ హామిల్టన్ ఆంగ్ల అనువాదంగా లండన్‌లో అచ్చయింది. ఒకదానికి ఒకటి సంబంధం లేకపోయినా, చేసిన పని మీద చేసినవాని హక్కు గురించి ఒకే ఏడు రెండు మాటలు వెలువడ్డాయి. తర్వాత ఈ పద్ధతి అమెరికా రాష్ట్రాలన్నింటికీ వ్యాపించింది. ప్రతి రాష్ట్రానికీ వేరు వేరు చట్టం ఉంది. కాలిఫోర్నియాలోనైతే ఈ హక్కును ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కాంట్రాక్టరు ఎవరో యజమానికి తెలుసు. కానీ కాంట్రాక్టరు పిలిచిన ప్లంబరు, ఎలక్ట్రీషియను, పెంకులు ఇచ్చిన దుకాణం ఆయనకు తెలియవు. తెలియనివాని బాకీకి ఆయన ఇంటిని పూచీగా పెడితే అది ఆయనపై అన్యాయం కాదా? మన పెద్దాయన అడిగింది సరిగ్గా ఇదే. దానికి ఆ చట్టం ఇచ్చిన జవాబే నోటీసు. ‘నేను ఉన్నాను, మీ ఇంటికి పని చేస్తున్నాను’ అని ముందుగా యజమానికి తెలియజేసినవానికే హక్కు దక్కుతుంది. దాగి ఉండి చివర్లో బయటికి వచ్చినవానికి దక్కదు. కనుక నోటీసు యజమానిపై దాడి కాదు. అది యజమానికి రక్షణ.

ఫ్లోరిడాలో నాలుగు కాగితాలు

ఫ్లోరిడా చట్టం ఎలా పనిచేస్తుందో క్రమంగా చూద్దాం. దీనిలో ముఖ్యంగా నాలుగు కాగితాలు ఉంటాయి.

మొదటిది, పని ప్రారంభ నోటీసు. దీనిని ఇచ్చేది యజమానే. పని మొదలుకాక ముందు స్థలం వివరాలు, తన పేరు, కాంట్రాక్టరు పేరు వ్రాసి, సంతకం చేసి, ఆ జిల్లా కోర్టు గుమస్తా కార్యాలయంలో నమోదు చేయించాలి. దాని ప్రతిని పని జరిగే చోట అందరికీ కనబడేలా ఉంచాలి. సరుకు ఇచ్చేవారు, పని చేసేవారు తమ నోటీసు ఎవరికి పంపాలో దీనిని చూసి తెలుసుకుంటారు. వేరే గడువు వ్రాయకపోతే ఇది నమోదైన నాటినుండి ఒక సంవత్సరం చెల్లుతుంది. పని ఇంకా సాగుతుంటే గడువు ముగియక ముందే పొడిగించుకోవాలి. ఈ కాగితాన్ని నిర్లక్ష్యం చేసినవారే ఎక్కువగా రెండుసార్లు డబ్బు కట్టవలసి వస్తుంది.

రెండవది, యజమానికి నోటీసు. మన పెద్దాయన కుమారునికి వచ్చింది ఇదే. యజమానితో నేరుగా ఒప్పందం లేనివారు, అంటే ఉపకాంట్రాక్టర్లు, సరుకు ఇచ్చేవారు, తమ పని లేదా సరఫరా మొదలైన నాటినుండి 45 రోజుల లోపు దీనిని యజమానికి అందజేయాలి. గడువు దాటితే ఇక వారికి ఇంటిపై హక్కు లేదు. ఇందులో ఒక మినహాయింపు ఉంది. కేవలం ఒంటి కష్టంతో పనిచేసే కూలీలకు ఈ నోటీసు షరతు లేదు. దుకాణాలకు గుమస్తాలు ఉంటారు, కాగితాలు పంపగలరు. రోజు కూలివాడు కాగితం ఎక్కడ వ్రాయిస్తాడు? అందుకే చట్టం అతనిపై ఆ భారం వేయలేదు. అతని హక్కు నోటీసు లేకుండానే నిలుస్తుంది.

ఈ నోటీసు రాగానే ఇంటిపై కేసు పడిందని భయపడకూడదు. ఇది బాకీ ఉందని చెప్పే కాగితం కాదు. కాంట్రాక్టరు ఎగవేశాడని నిందా కాదు. చాలా దుకాణాలు ప్రతి ఇంటికీ దీనిని అలవాటుగా పంపుతాయి. చేయవలసిందల్లా దానిని ఒక ఫైలులో భద్రపరచి, పంపినవారి పేరు ఒక పట్టికలో వ్రాసుకోవడం.

మూడవది, విడుదల పత్రం. కాంట్రాక్టరుకు విడతగా డబ్బు ఇచ్చే ప్రతిసారీ, నోటీసు పంపిన వారందరి నుండి ‘ఫలానా తేదీ వరకు జరిగిన పనికి మాకు రావలసింది అందింది, అంతవరకు మా హక్కు వదులుకున్నాము’ అనే పత్రం తీసుకోవాలి. పత్రంలోని తేదీని తప్పక చూసుకోవాలి. మార్చి వరకు ఇచ్చిన విడుదల ఏప్రిల్ పనికి వర్తించదు. ఇక పని చేయకముందే హక్కు వదులుకున్నట్టు ఎవరిచేతనైనా వ్రాయించుకుంటే ఆ రాత ఫ్లోరిడా చట్టంలో చెల్లదు.

నాలుగవది, కాంట్రాక్టరు చివరి ప్రమాణ పత్రం. ఆఖరి విడత ఇవ్వకముందు, ఉపకాంట్రాక్టర్లు, దుకాణాలు, కూలీలు అందరికీ చెల్లించానని, లేదా ఫలానా వారికి ఇంత బాకీ ఉందని, కాంట్రాక్టరు ప్రమాణం చేసి వ్రాసి ఇవ్వాలి. ఇది చేతికి వచ్చేవరకు చివరి విడత ఇవ్వకూడదు.

ఇన్ని జరిగినా బాకీ అందనివాడు తన పని ముగిసిన నాటినుండి 90 రోజుల లోపు ఇంటిపై లీన్ నమోదు చేయించాలి. నమోదైన 15 రోజుల లోపు దాని ప్రతిని యజమానికి అందజేయాలి. లీన్ ఒక సంవత్సరం ఉంటుంది. ఆలోగా కోర్టులో దావా వేయకపోతే అది రద్దవుతుంది. అంతకాలం ఎదురుచూడలేని యజమాని దానిని వ్యతిరేకిస్తూ నోటీసు నమోదు చేయిస్తే, ఎదుటివాడు 60 రోజుల్లో దావా వేయాలి, లేకుంటే హక్కు పోతుంది. కావాలని లెక్క పెంచి తప్పుడు లీన్ వేసినవాని హక్కు చెల్లదు సరికదా, అది నేరం కూడా. కనుక ఈ చట్టం పనివాని పక్షమే కాదు, యజమాని పక్షం కూడా చూసింది.

ఒక్క విషయం మాత్రం అందరూ తెలుసుకోవాలి. ఫ్లోరిడాలో సొంతంగా నివసించే ఇంటిని సాధారణ అప్పుల కోసం వేలం వేయకుండా ఆ రాష్ట్ర రాజ్యాంగమే కాపాడుతుంది. కానీ ఆ ఇంటిని కట్టిన, మరమ్మతు చేసిన బాకీకి ఆ రక్షణ వర్తించదు. ఆ ఇంటిని నిలబెట్టిన చేతి ముందు ఆ ఇల్లే అడ్డుగా నిలవదన్నమాట.

ఒక లెక్క

కాగితాల పేర్లు వింటే తికమకగా ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం.

ఒకాయన 40,000 డాలర్లకు కాంట్రాక్టరుతో పని ఒప్పుకున్నాడు. విడతలుగా 28,000 ఇచ్చాడు, ఇంకా 12,000 ఇవ్వాలి. పెంకుల దుకాణం గడువులోగా నోటీసు పంపింది. వారికి కాంట్రాక్టరు 7,500 బాకీ.

మొదటి దారి: పని బాగుంది, కాంట్రాక్టరు మంచివాడుగా ఉన్నాడు, మొహమాటపడి ప్రమాణ పత్రం అడగకుండా 12,000 ఇచ్చేశాడు. కాంట్రాక్టరు దుకాణానికి కట్టలేదు. దుకాణం లీన్ వేసింది. ఇంటిని విడిపించుకోవడానికి ఆయన 7,500 మళ్లీ కట్టాలి. 40,000 పని 47,500 అయింది. అదనంగా వకీలు ఖర్చు. కట్టిన సొమ్ము కోసం కాంట్రాక్టరు వెంట తిరగడం వేరే.

రెండవ దారి: ప్రమాణ పత్రం అడిగాడు. అందులో దుకాణానికి 7,500 బాకీ ఉన్నట్టు తేలింది. చట్టం ప్రకారం కాంట్రాక్టరుకు కనీసం 10 రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలియజేసి, 7,500 నేరుగా దుకాణానికి ఇచ్చాడు, మిగిలిన 4,500 కాంట్రాక్టరుకు ఇచ్చాడు. మొత్తం 40,000. ఎవరి హక్కు వారికి అందింది. ఇంటిపై ఏ బాకీ లేదు.

రెండు దారుల మధ్య తేడా ఒక్క కాగితం, ఒక్క మొహమాటం.

ఇతర రాష్ట్రాలలో

ఈ వివరాలు ఫ్లోరిడావి. మన తెలుగువారు ఎక్కువగా ఉన్న మరో రెండు రాష్ట్రాల పద్ధతి క్లుప్తంగా చెబుతాము. కాలిఫోర్నియాలో నేరుగా ఒప్పందం లేనివారు పని మొదలైన 20 రోజుల లోపు తొలి నోటీసు ఇవ్వాలి. ఆలస్యమైతే హక్కు పూర్తిగా పోదు, కానీ నోటీసుకు ముందు 20 రోజుల నుండి జరిగిన పనికే వర్తిస్తుంది. అక్కడ లీన్ నమోదైన 90 రోజుల లోపు దావా వేయాలి. టెక్సాస్‌లో సొంత నివాసగృహంపై లీన్ నిలవాలంటే, పని మొదలుకాక ముందే ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. యజమాని వివాహితుడైతే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. దానిని జిల్లా కార్యాలయంలో దాఖలు చేయాలి. ఇల్లాలికి తెలియకుండా ఆ ఇంటిని ఆ బాకీకి పూచీగా పెట్టే వీలు లేదన్నమాట. అక్కడే ఒప్పందం విలువలో 10 శాతం సొమ్మును పని పూర్తయ్యాక 30 రోజుల వరకు యజమాని తన దగ్గర ఉంచుకోవాలనే నియమం కూడా ఉంది, ఎవరైనా బాకీ అందనివారు ఉంటే వారి కోసం.

చట్టాలు మారుతుంటాయి. కనుక ఇల్లు కట్టించే సోదరులు తమ రాష్ట్రంలోని వకీలును పని మొదలుకాక ముందే సంప్రదించాలి. చిక్కు వచ్చాక సంప్రదిస్తే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ.

షరీఅత్ దృష్టిలో

ఇక పెద్దాయన అసలు ప్రశ్న. ముఖం తెలియనివాడు ఇంటిపై హక్కు అడగడం న్యాయమేనా?

హనఫీ ఫిఖ్హ్‌లో సాధారణ నియమం ఆయన మాటకు అనుకూలంగానే ఉంది. ఎవరు పిలిచి పని చేయించారో వారే కూలి ఇవ్వాలి. స్వయంగా నువ్వే చేయాలని షరతు పెట్టకపోతే, పని ఒప్పుకున్నవాడు దానిని మరొకరిచేత చేయించవచ్చు. ఆ మరొకరి కూలి బాధ్యత అతనిదే, యజమానిది కాదు.

కానీ షరీఅత్‌లో ఒప్పందాలకు, షరతులకు కూడా స్థానం ఉంది. ధర్మవిరుద్ధం కాని షరతును ఒప్పుకున్నవాడు దానికి కట్టుబడాలి. ఒక వ్యవహారంలో అందరికీ తెలిసిన ఆనవాయితీ, నోటితో చెప్పకపోయినా షరతు వంటిదేనని ధర్మవేత్తల సూత్రం. ఫ్లోరిడాలోనైతే ఇది ఆనవాయితీ మాత్రమే కాదు. కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించినా సరే, బాకీ అందని ఇతరులు ఇంటిపై హక్కు అడగవచ్చనే హెచ్చరికను ఇంటి యజమానితో చేసుకునే ఒప్పందంలోనే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలని చట్టం ఆదేశిస్తోంది. దాని కింద సంతకం చేసి, తర్వాత నాకేమి సంబంధం అనడం విశ్వాసికి తగదు. ఏ దేశంలో నివసిస్తున్నామో ఆ దేశపు న్యాయమైన చట్టాన్ని పాటిస్తామని మాట ఇచ్చే కదా అక్కడ ఉంటున్నాము.

ఇంకా సులువైన దారి మన ఫిఖ్హ్‌లోనే ఉంది. దాని పేరు హవాలా. ఈ మాట వినగానే దొంగచాటు డబ్బు పంపకం అనుకోవద్దు. ఫిఖ్హ్‌లో హవాలా అంటే ఒకరి బాకీని, అందరి సమ్మతితో మరొకరిపైకి మార్చడం. దుకాణానికి కాంట్రాక్టరు బాకీ, కాంట్రాక్టరుకు యజమాని బాకీ. ముగ్గురూ ఒప్పుకుంటే, కాంట్రాక్టరు దుకాణదారును యజమాని వద్దకు పంపి ‘నాకు ఇచ్చేదానిలో ఇంత వీరికి ఇవ్వండి’ అనవచ్చు. బాకీని ఇవ్వగల స్తోమత ఉన్నవానిపైకి మారిస్తే అంగీకరించమని దైవప్రవక్త (స) బోధించారు. పైన రెండవ దారిలో జరిగింది ఇంచుమించు ఇదే. ఒప్పందం వ్రాసుకునేటప్పుడే ఈ మాట కూడా వ్రాసుకుంటే తర్వాత ఎవరూ ఎవరినీ నిందించుకోనక్కరలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ సూరె బఖరాలోని 282వ ఆయత్. దాని విషయం నమాజ్ కాదు, ఉపవాసం కాదు. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసుకోవడానికి బద్ధకించవద్దని అందులో అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆయత్‌ను ప్రతి రమజాన్‌లో తరావీహ్‌లో వింటాము. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం నోటిమాటతో కానిచ్చేస్తాము.

మన ఇళ్లలో, మన మసీదులలో

ఇప్పుడు మా మసీదు సంగతి. కొన్నేళ్ల క్రితం మా మసీదులో వుజూఖానా కట్టించాము. ఒక కాంట్రాక్టరుకు గుత్తకు ఇచ్చాము. రమజాన్‌లోగా పూర్తి చేశాడు. పండుగ ఖర్చులున్నాయని అడిగితే పూర్తి డబ్బు ఇచ్చేసి రసీదు తీసుకున్నాము. ఆ కమిటీలో మేమూ ఉన్నాము.

పండుగ తర్వాత రెండో జుమా నాడు ఒక మనిషి చెప్పులు విడిచేచోట నిలబడి ఉన్నాడు. ఆ టైల్స్ వేసిన మేస్త్రీ. అతనికీ, ఇద్దరు హెల్పర్లకూ మూడు వారాల బట్వాడా అందలేదు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం లేదు. అతను అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. "సాబ్, పని మీ మసీదులోనే చేశాను కదా" అన్నాడు, అంతే. మేము రసీదు తెచ్చి చూపించాము. రసీదు సరైనదే. చట్టప్రకారం కమిటీ తప్పు లేదు. మన దేశంలో ఫ్లోరిడాలో వలె కట్టడం మీద లీన్ నమోదు చేయించే హక్కు మేస్త్రీకి లేదు. 170వ సెక్షను చేతికి అప్పగించిన వస్తువులకే గానీ గోడలకు వర్తించదు. అతను కాంట్రాక్టరు మీద దావా వేసుకోవాలి. రోజు కూలి మానుకుని ఎన్నిసార్లు కోర్టుకు వెళ్తాడు?

మసీదు సొమ్ములోంచి రెండోసారి ఇచ్చే వీలు లేదు. అది వక్ఫ్ సొమ్ము, కమిటీ దానికి అమానతుదారు మాత్రమే. చివరికి మేము కొందరం సొంతంగా కొంత ఇచ్చాము. అతను తీసుకుని వెళ్లిపోయాడు. రావలసిన దానిలో అది సగం కూడా కాదు. మిగిలింది ఇప్పటికీ కాంట్రాక్టరు మెడ మీద ఉంది. ఆ టైల్స్ మీద కూర్చుని వుజూ చేసేటప్పుడు మాకు ఆ మాట గుర్తుకు వస్తుంది. మేము చేసిన తప్పు డబ్బు ఇవ్వకపోవడం కాదు. అడగకపోవడం. నెల రోజులు మా కళ్ల ముందు పనిచేసిన మనిషిని ‘నీ బట్వాడా అందుతోందా’ అని ఒక్కసారి కూడా అడగలేదు.

అమెరికాలో చట్టం నోటీసు పంపిస్తుంది. ఇక్కడ పంపదు. కనుక ఇక్కడ మనమే అడిగి తెలుసుకోవాలి. ఇల్లు, మసీదు, మదర్సా ఏది కట్టించినా ఈ జాగ్రత్తలు పాటిద్దాం:

1. గుత్త ఒప్పందం వ్రాసుకోవాలి. ఏ పనికి ఎంత, ఏ దశలో ఎంత ఇవ్వాలో స్పష్టంగా ఉండాలి. పునాది, స్లాబ్, ప్లాస్టరింగ్, టైల్స్ ఇలా దశలవారీగా విడతలు పెట్టుకోవాలి.

2. కాంట్రాక్టరు కింద పనిచేసే మేస్త్రీలు, సిమెంటు, ఇనుము ఇచ్చే దుకాణాల పేర్లు ఒక నోటుబుక్కులో వ్రాసుకోవాలి. ఖాతా మీద సరుకు వస్తోందా, నగదుకు వస్తోందా అని అడగాలి.

3. ప్రతి విడత ఇచ్చే ముందు వారం బట్వాడా అందిందా అని పనివారినే నేరుగా అడగాలి. ఇది కాంట్రాక్టరును అనుమానించడం కాదు. ఈ పద్ధతి మొదటి రోజే అతనికి చెప్పి, ఒప్పందంలో వ్రాస్తే అతనికీ అభ్యంతరం ఉండదు.

4. చివరి విడతలో కొంత భాగం అట్టిపెట్టి, అందరికీ బాకీలు తీరాయని కాంట్రాక్టరు వ్రాసి ఇచ్చాక ఇవ్వాలి. బాకీ మిగిలితే అతని సమ్మతితో నేరుగా ఇచ్చేయవచ్చని కూడా ముందే వ్రాసుకోవాలి. అయితే పని సవ్యంగా పూర్తయి, అందరి బాకీలు తీరాక కూడా ఆ సొమ్మును సాకులతో ఆపితే మనమే దౌర్జన్యపరులం అవుతాము.

5. కాంట్రాక్టరు సోదరులకు ఒక మాట. యజమాని ఇచ్చిన సొమ్ములో మేస్త్రీ భాగం మీకు లాభం కాదు, మీ మీద బాకీ. ఒక ఇంటి డబ్బుతో మరో ఇంటి పని నడిపే అలవాటు వల్లనే ఎక్కువమంది కూలీల కూలి ఆగిపోతోంది.

6. పనివారికి కూడా ఒక మాట. మీ హక్కును సకాలంలో, మర్యాదగా, వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ఇల్లు పూర్తయి కాంట్రాక్టరు వెళ్లిపోయాక చెబితే యజమాని చేతిలో ఇవ్వడానికి ఏమీ మిగలదు.

చివరి మాట

ఒక జనాజా తెచ్చినప్పుడు మృతునికి అప్పు ఉందని తెలిసి, తీర్చే ఆస్తి లేదని తెలిసి, దైవప్రవక్త (స) నమాజ్ చదివించడానికి ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాపై వేసుకుంటానన్నాకే ఆయన (స) నమాజ్ చదివించారు. దాసుల హక్కు ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఫ్లోరిడాలోని ఆ అబ్బాయి కాగితం చించలేదు, అల్‌హమ్దులిల్లాహ్. ఫైలులో పెట్టాడు. నోటీసు పంపినవారి పేర్లు పట్టిక వ్రాసి కాంట్రాక్టరుకు చూపించాడట. కాంట్రాక్టరు కోపగించుకోలేదు, అది అక్కడ మామూలేనన్నాడట. పెద్దాయన మొన్న కలిసి ఈ సంగతి చెప్పి, "మౌల్వీ సాబ్, మా ఇంటి ప్రహరీ కట్టిన మేస్త్రీకి ఆ గుత్తవాడు ఇచ్చాడో లేదో నేనూ అడగలేదు. రేపు వెళ్లి అడుగుతాను" అన్నారు.

ఆ అడగడమే నోటీసు. అది పోస్టులో రానవసరం లేదు.

మన ఇళ్ల గోడలలో ఎవరి చెమట బాకీ ఉండకుండా, ప్రళయదినాన ఏ కూలివాడూ మన చెయ్యి పట్టుకుని నిలదీయకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.